కథలో సగం డోలుదే

రేగొండ నుంచి గణపురం మీదుగా పాలంపేట పోయినవాళ్లు రామప్ప గుడిలో మొదట మదనికలను చూస్తారు. చూసి తీరాల్సినవే. వాటి తర్వాత స్తంభాల మీది చిన్న శిల్పాల దగ్గర కూడా కాసేపు నిలబడాలి. అక్కడ నాట్యమాడే స్త్రీల పక్కన మద్దెల కట్టుకున్న వాద్యగాళ్లు ఉంటారు. మోకాళ్లు వంగి, నడుము ఒక పక్కకు ఒరిగి, ఆడేవాళ్లతో పాటు వాళ్ల ఒంట్లోనూ ఆట కనిపిస్తుంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడిలో శిల్పి లయ పట్టినవాణ్ణి మరుగున పెట్టలేదు. ఆ తర్వాత నలభై ఏళ్లకు, 1253-54లో, కాకతీయ రాజు గణపతిదేవుని గజసేనాని జాయప నృత్తరత్నావళి రాశాడు. ఎనిమిది అధ్యాయాల ఆ సంస్కృత గ్రంథంలో సగం దేశి నృత్యానిదే. జనం ఆడే ఆటలకు శాస్త్రంలో అంత చోటిచ్చిన సేనాని మన గడ్డ మీద ఉన్నాడంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఆ రాతి మద్దెల నుంచి నేటి డోలు దాకా వంశవృక్షం గీయడం నా ఉద్దేశం కాదు. ఈ ప్రాంతంలో వాద్యగాడికి అప్పుడున్న మర్యాద ఇప్పుడెక్కడ దొరుకుతుందని వెతికితే మాత్రం నా చెవి ఒగ్గుకథ దగ్గరే ఆగుతుంది.

ఒగ్గుకథ కురుమల, గొల్లల కొలువు. శివుడి డమరుకం లాంటి చిన్న ఒగ్గు పట్టుకొని బీరప్ప కథ, మల్లన్న కథ, ఎల్లమ్మ కథ చెప్పే పూజారులు వీళ్లు. కొమురవెల్లిలో సంక్రాంతి నుంచి ఉగాది దాకా సాగే మల్లన్న జాతరలో పసుపు, కుంకుమ, రంగు పిండులతో పట్నం వేసేదీ, బోనం ముందు నిలబడేదీ, దేవుడి పెండ్లి కథ పాడేదీ వాళ్లే. జనగామ పక్కనున్న చేర్యాల సీమ ఈ కథలకు పుట్టినిల్లు లాంటిది. బృందంలో ప్రధాన కథకుడు, వంత పాడేవాళ్లు, తాళాలు, డోలు ఉంటాయి. కొన్నిచోట్ల నఫీరి అనే ఊదే వాద్యం కూడా చేరుతుంది. భుజం మీది బట్టను కొంగు చేసుకొని కథకుడు రెప్పపాటులో మల్లన్న భార్య మేడలమ్మ అవుతాడు, మరో అడుగు వేసేసరికి మల్లన్న అవుతాడు. చూసేవాళ్ల కళ్లన్నీ అతని మీదే. ఆ మార్పు జరిగిందని అందరికంటే ముందు చెప్పేది మాత్రం వెనక నిలబడ్డ డోలు.

జనగామ జిల్లా లింగాలఘనపురం మండలం మాణిక్యాపురంలో 1935లో పుట్టిన చుక్క సత్తయ్య ఈ కళను ఊరి గుడి ముంగిలి నుంచి దేశపు వేదికల మీదికి తీసుకుపోయారు. 2014 సంవత్సరానికి కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు. 2017 నవంబరు 9న కన్నుమూశారు. వేములవాడ దగ్గరి హనుమాజీపేటలో ఒగ్గుకథకుడు మిద్దె రాములు ఎలాగో, ఉమ్మడి వరంగల్ జిల్లాకు సత్తయ్య అలాగ. ఆయన గొంతు గురించి, అభినయం గురించి, మాట విరుపు గురించి ఎందరో రాశారు. ఆ గొంతును మోసిన లయ గురించి రాసింది తక్కువ.

డోలుకు రెండు ముఖాలు. ఒకవైపు పుల్ల, ఒకవైపు చెయ్యి. పుల్ల దెబ్బ కోసుకుపోయేలా పలుకుతుంది, చేతి దెబ్బ లోతుగా గుమ్ముమంటుంది. అరచెయ్యి తోలు మీదే ఆపితే నాదం నోరు మూసుకుంటుంది, ఎత్తేస్తే సాగిపోతుంది. అంతే సామగ్రి. స్వరాలు లేవు, తంత్రులు లేవు. దానితోనే కోపం, దిగులు, పెండ్లి సందడి, అడవి నడక అన్నీ పలికించాలి. మంచి డోలు కళాకారుడు ముందుగా నేర్చేది దెబ్బ వేయడం కాదు, కథకుడి ఊపిరి వినడం. వచనం నడుస్తుంటే డోలు పక్కకు తప్పుకుంటుంది. వాక్యం ముగిసే చోట ఒక్క దెబ్బ పడుతుంది. అది పూర్ణవిరామం కావచ్చు, ప్రశ్న కావచ్చు, వింటున్న ఊరంతా అనాల్సిన "ఆహా" కావచ్చు. పాట ఎత్తుకోగానే దరువు కింద పరుచుకుంటుంది, చరణం చివర ముక్తాయింపుతో కథకుడి పాదం నేల మీద ఆనేచోటు చూపిస్తుంది. శోకం వచ్చినప్పుడు చిన్నవాళ్లు తొందరపడి దరువు నెమ్మది చేస్తారు. అనుభవమున్నవాడు వేగం తగ్గించడు, దెబ్బలు తగ్గిస్తాడు. నడక అదే, మధ్యలో ఖాళీలు పెరుగుతాయి. ఆ ఖాళీల్లోనే ముంగిట కూచున్న ముసలమ్మ కొంగు కళ్ల మీదికి పోతుంది.

ఇంత స్వేచ్ఛ డోలుకు ఎక్కడిది? తాళాలు ఇచ్చినదే. లెక్క తప్పకుండా నడిపే బాధ్యత కంచు తాళాల జత మీద ఉంటుంది. లెక్క అక్కడ భద్రంగా ఉంది కాబట్టి డోలు మాట్లాడగలదు, ఆగగలదు, ఎదురు తిరిగి మళ్లీ సమంలోకి రాగలదు.

సరిగ్గా ఇదే సంగతి సముద్రాల అవతల అమెరికా నల్లజాతి సంగీతకారులు 1940ల్లో కనిపెట్టారు. అప్పటిదాకా జాజ్‌లో డ్రమ్మర్ కాలితో పెద్ద డ్రమ్మును మాత్ర మాత్రకూ కొడుతూ నాట్యం చేసేవాళ్లకు లెక్క అందించేవాడు. కెన్నీ క్లార్క్ ఆ లెక్కను పైనున్న కంచు పళ్లెం మీదికి ఎక్కించాడు. దాంతో కాలు, ఎడమచెయ్యి విడుదలయ్యాయి, ఊహించని చోట దెబ్బలు వేసి సోలో వాయించేవాణ్ణి పలకరించగలిగాయి. ఆ దారిని ఎంతో దూరం తీసుకుపోయినవాడు మ్యాక్స్ రోచ్ (1924-2007). 1966లో వచ్చిన ఆయన ఆల్బం 'డ్రమ్స్ అన్‌లిమిటెడ్'లో మూడు రచనలకు డ్రమ్ములు తప్ప మరో వాద్యమే లేదు. వాటిలో 'ద డ్రమ్ ఆల్సో వాల్ట్‌జెస్' వినండి. రెండు కాళ్లు మూడు మాత్రల నడకను ఆపకుండా నడిపిస్తుంటాయి. చేతులు ఒక చిన్న పలుకు పలుకుతాయి, ఆగుతాయి, అదే పలుకును కొద్దిగా మార్చి తిరిగి అంటాయి. మనిషి మాట్లాడే తీరు అది. మూడోది తన పెద్దలలో ఒకడైన సిడ్ క్యాట్లెట్‌కు నివాళి. గురువు వరసైనవాడికి మరో వాద్యం సాయం లేకుండా డ్రమ్ముతోనే దండం పెట్టుకున్నాడాయన. డ్రమ్మర్ చేతివేగం చూసి చప్పట్లు కొట్టేవాళ్లు ఏ దేశంలోనైనా ఉంటారు. రోచ్ గొప్పతనం వేగంలో లేదు. ఏ దెబ్బ వేయకూడదో ఆయనకు తెలుసు.

మ్యాక్స్ రోచ్‌ను విన్నాక సత్తయ్య బృందం కథలు మళ్లీ వింటే, అదివరకు చప్పుడుగా వదిలేసినచోట్ల మాటలు వినబడతాయి. నాకు అట్లాగే వినబడ్డాయి.

ఈ ప్రాంతంలో వాద్యం మీద ఇంకా పెద్ద బరువు పెట్టినవాళ్లున్నారు. కోయల వంశగాయకులైన డోలీలు. కోయ గట్ల, అంటే గోత్రాల, వంశచరిత్ర పుస్తకంలో లేదు, పడిగె అనే గుడ్డ మీది బొమ్మల్లో, డోలీల పాటలో ఉంది. మేడారం జాతరలో సమ్మక్క, సారలమ్మ, పూనుగొండ్ల నుంచి వచ్చే పగిడిద్దరాజు కథలు ఆ పాటతోనే తరాలు దాటాయి. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కంచుమేళం, కంచుతాళంతో ఆ చరిత్రలు పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024 జూన్‌లో ఆయన పోయారు. ఆయనతో పాటు ఎన్ని వరసల పాట పోయిందో లెక్కించాలంటే ఆ వరసలు తెలిసినవాళ్లు కావాలి. రెండేళ్లకోసారి జాతర జనం తిరుగుదారిలో భూపాలపల్లి, రేగొండ మీదుగా పరకాల వైపు సాగిపోతుంటారు. వనదేవతల చరిత్రను మోసిన వాద్యాల పేర్లు ఆ జనంలో చాలామందికి తెలియవు. బడిలో ఎవరూ చెప్పలేదు మరి.

ఒగ్గు డోలుకు మాత్రం ఇప్పుడు గిరాకీ బాగానే ఉంది. తెలంగాణ వచ్చాక బోనాల ఊరేగింపుల్లో, ప్రభుత్వ పండుగల్లో ఒగ్గుడోలు విన్యాసం లేకుండా ముచ్చట లేదు. పసుపు పూసుకున్న యువకులు డోళ్లతో ఎగురుతారు, ఒకరి భుజాల మీద ఒకరెక్కి గోపురం కడతారు. దానివల్ల ఎందరో పల్లె పిల్లలకు నాలుగు రూపాయలు, నలుగురిలో గౌరవం దొరికాయి. అది చిన్న విషయం కాదు, నేను సంతోషిస్తాను. అయితే ఇరవై డోళ్లు ఒకే దరువు కొట్టేచోట ఒక్క డోలు ఒక్క కథకుడితో మాట్లాడే విద్యకు చోటుండదు. విన్యాసానికి అయిదు నిమిషాలు చాలు, కథకు రాత్రంతా కావాలి. రాత్రంతా కథ పెట్టించే ఊళ్లు తగ్గినకొద్దీ, దెబ్బలు తగ్గించి ఏడిపించగల చేతులు కూడా తగ్గుతాయి.

రికార్డింగులు కూడా ఈ విద్యకు అన్యాయమే చేశాయి. కథకుడి నోటి ముందు మైకు, డోలు ఎక్కడో దూరాన. వింటుంటే పుల్ల దెబ్బ ఒక్కటే అందుతుంది, చేతివైపు గుమ్మన్న నాదం పోతుంది, అంటే సగం పలుకు పోతుంది. ఇప్పుడు వీడియోలు తీసే కుర్రవాళ్లకు నేను కోరేది ఒకటే. రెండో మైకు పెట్టండి, డోలు ఎడమ ముఖానికి ఒకటి, కుడి ముఖానికి ఒకటి అయితే మరీ మంచిది. కింద పేర్లు వేసేటప్పుడు "ఒగ్గుకథ బృందం" అని సరిపెట్టకుండా డోలు ఎవరిదో, తాళాలు ఎవరివో రాయండి. పాత క్యాసెట్లలో డోలు కొట్టినవాళ్ల పేర్లూ, వాళ్ల గురువుల పేర్లూ లింగాలఘనపురం, చేర్యాల ఊళ్లలోని పెద్దమనుషులను ఈ ఎండాకాలమే పోయి అడగాలి.