కొలమానం ముందు, యంత్రం తర్వాత

కొలనోస్కోపీలోకి కృత్రిమ మేధ ఎలా వచ్చిందో చెప్పేవారు సాధారణంగా 2012 దగ్గర మొదలుపెడతారు. బొమ్మలను గుర్తుపట్టడంలో డీప్ లెర్నింగ్ నెగ్గింది, ఆ విద్యే పెద్దపేగు దాకా వచ్చింది అంటారు. ఇది సగం కథే. రంగు, అల్లికల ఆధారంగా కొలనోస్కోపీ వీడియోలో కణితులను పట్టే పద్ధతిని గ్రీసులో కర్కానిస్ బృందం 2003లోనే ప్రచురించింది. అది వైద్యుల వాడుకలోకి రాలేదు. కంప్యూటర్ల వేగం చాలకపోవడం ఒక కారణం. దాన్ని కోరుకునే కొలమానం అప్పటికి బలపడకపోవడం అంతకంటే పెద్ద కారణమని నా అభిప్రాయం.

ఆ కొలమానం పేరు ఏడీఆర్, అంటే అడినోమాలను గుర్తించే రేటు. ఒక డాక్టరు చేసిన పరీక్షల్లో కనీసం ఒక్క అడినోమా (క్యాన్సర్‌గా మారగల కణితి) అయినా దొరికినవి ఎంత శాతమో అది చెబుతుంది. ఏడీఆర్ 20 శాతం లోపు ఉన్న డాక్టర్ల దగ్గర పరీక్ష చేయించుకున్నవారికి తర్వాత క్యాన్సర్ వచ్చే ముప్పు ఎక్కువని పోలండ్‌లో కామిన్‌స్కి బృందం 2010లో 45,026 మంది వివరాలతో చూపింది. 2014లో అమెరికాలో కోర్లీ బృందం 3,14,872 పరీక్షలు పరిశీలించి, ఏడీఆర్ ఒక్క శాతం ఎక్కువైన కొద్దీ ఆ ముప్పు 3 శాతం తక్కువగా ఉంటోందని తేల్చింది. కణితులను పట్టే ఏఐ (కృత్రిమ మేధ) యంత్రం తయారుచేసేవారికి గురి దొరికింది.

కానీ ఆ అంకె వెనక ఉన్నది డాక్టరు ఓపిక. పేగును బాగా కడిగాడా, మడతల వెనక చూశాడా, స్కోపు బయటికి తీసేటప్పుడు తొందరపడ్డాడా అన్నదే అసలు విషయం. యంత్రం ఇవేవీ చేయదు. కెమెరాకు ఎదురుపడినదాని చుట్టూ గడి గీస్తుంది, అంతే. 2019లో చెంగ్డూలో 1,058 మందిపై జరిగిన ట్రయల్‌లో మామూలు పరీక్షల ఏడీఆర్ 20.3 శాతం, యంత్రం తోడున్నప్పుడు 29.1. అయితే అదనంగా దొరికినవి ప్రధానంగా అతి చిన్నవి. పెద్ద అడినోమాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. 2023లో స్పెయిన్‌లో 3,213 మందిపై జరిగిన ట్రయల్‌లోనూ ముదిరిన కణితులు ఎక్కువగా పట్టుబడలేదు.

ఇంకో వైపు సాక్ష్యమూ ఉంది. తమ ఏడీఆర్ పెంచుకున్న డాక్టర్ల రోగుల్లో క్యాన్సర్లు, మరణాలు తగ్గాయని 2017లో కామిన్‌స్కి బృందమే చూపింది. దాన్ని తేలిగ్గా తీసేయలేం. కాకపోతే అక్కడ పెరిగింది మనుషుల పనితనం.

అమెరికా ఎఫ్‌డీఏ 2021 ఏప్రిల్‌లోనే జీఐ జీనియస్ అనే ఇలాంటి యంత్రానికి అనుమతి ఇచ్చింది. నా దృష్టిలో అది తొందరపాటు. 2025లో బీఎంజే వైద్య పత్రిక నిపుణుల బృందం ఈ యంత్రాలను మామూలుగా అందరికీ వాడొద్దని సూచించింది, అదీ బలహీనమైన సిఫారసుగానే. అదే ఏడాది పోలండ్ నుంచి మరో అధ్యయనం వచ్చింది. ఏఐకి అలవాటుపడ్డాక, అది లేకుండా చేసిన పరీక్షల్లో డాక్టర్ల ఏడీఆర్ 28.4 నుంచి 22.4 శాతానికి పడిపోయింది. ఇది యాదృచ్ఛిక ట్రయల్ కాదు, వేరే కారణాలూ ఉండవచ్చు. అయినా యంత్రం లేని చోట ఏడీఆర్ ఇప్పటికీ మనిషి శ్రద్ధనే కొలుస్తుంది కాబట్టి, చెంగ్డూలో కనిపించిన పెరుగుదల కంటే ఈ తగ్గుదలే నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తోంది.