పేరిగాడి మాట వేదికెక్కిన కథ

తెలుగు నాటకం తొలినాళ్లలో రాజు నోరు విప్పినా బంటు నోరు విప్పినా చాలావరకు పుస్తకాల భాషే వినిపించేది. కందుకూరి వీరేశలింగం ప్రహసనాల్లో వాడుక మాట పలికింది గానీ, రాజుల కథ నడిచే గంభీర నాటకంలో దానికి చోటు దొరకలేదు. ఆ చోటు ఇచ్చినవారు వేదం వేంకటరాయ శాస్త్రి. దాన్ని జనం చెవిన వేసిన బృందం నెల్లూరిది.

1853లో పుట్టిన శాస్త్రిగారు మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో సంస్కృత పండితులు. ఆయన తెగువ సంస్కృతం నుంచే వచ్చింది. కాళిదాసు నాటకంలో రాజు సంస్కృతం మాట్లాడితే, స్త్రీలూ సేవకులూ ప్రాకృతం మాట్లాడతారు. మరి తెలుగులో ఆ ప్రాకృతానికి సాటి ఏది? జనం నిత్యం మాట్లాడుకునే భాషే అన్నారాయన. దానికి పాత్రోచిత భాష అని పేరు. ఇందులో ఒక చిక్కు లేకపోలేదు. మాటను బట్టి మనిషి అంతస్తు తేల్చే పద్ధతి అది. అయినా, కులం తక్కువని ఊరు పక్కన పెట్టిన వాళ్ల మాట ఆ దారినే కావ్యభాష పక్కన నిలబడింది.

1897లో వచ్చిన ప్రతాపరుద్రీయంలో ఇది పూర్తిగా పండింది. కాకతీయ ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీ పట్టుకుపోతారు. మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషం కట్టి, రాజును విడిపించడానికి పన్నాగం పన్నుతాడు. అచ్చం రాజులాగే ఉండే చాకలి పేరిగాడు అందులో ఒక పావు. రూపం రాజుది, మాట చాకిరేవుది. నాటకమంతటిలో ప్రాణం ఎక్కువ ఉన్నది అతనికేనని నా నమ్మకం. అదే 1897లో గురజాడ కన్యాశుల్కమూ అచ్చయింది. విజయనగరంలో దాన్ని 1892లోనే జగన్నాథ విలాసినీ సభ వారు ఆడారు. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యుల సరస వినోదినీ సభ అప్పటికే పేరు పొందింది. ఏ ఊరు చూసినా నాటకం వెనక ఒక సమాజం ఉండేది.

నెల్లూరులో అది ఆంధ్ర భాషాభిమాని సమాజం, 1899లో ఏర్పడింది. శాస్త్రిగారి నాటకాలను ఈ సమాజం ఆడింది.

ఆనాటి నాటక సమాజాల్లో ఎక్కువమంది ఔత్సాహికులే. ప్లీడర్లు, గుమస్తాలు, పంతుళ్లు. ఆడవేషాలూ మగవాళ్లవే. అలాంటి చదువుకున్న మనిషి పేరిగాడి వేషం కట్టాలంటే పుస్తకం ఒక్కటే చాలదు. అక్షరాలు అచ్చులో ఉంటాయి గానీ యాస ఉండదు. తాను రోజూ వింటూనే పట్టించుకోని మాటకు చెవి ఒగ్గాలి, దాన్ని నలుగురిలో తన నోట పలకాలి. ఒక చిన్న ఊరి సంస్కృతిలో ఇది పెద్ద కదలికేనని నేను అనుకుంటాను. పండితులు కాగితం మీద వాదించుకునే సంగతిని, అక్షరం ముక్క రానివాళ్లు కూడా విని తేల్చుకోగల సంగతిగా మార్చింది ఇలాంటి సమాజాలే.

శాస్త్రిగారు 1901లో ఉషాపరిణయం, 1916లో బొబ్బిలి యుద్ధం రాశారు. ఈ మధ్యలోనే గిడుగు రామమూర్తి వ్యావహారిక భాష కోసం పోరు మొదలుపెడితే, శాస్త్రిగారు గ్రాంథికం వైపు నిలిచారు. నాటకంలో జనం మాట సరే, శాస్త్రానికీ కావ్యానికీ అది తగదన్నది ఆయన పట్టు. ఆ గీత నాకు సమ్మతం కాదు. కానీ ఆయన్ను గ్రాంథికవాది అని ఒక్క మాటలో తీసిపారేసేవాళ్లు పేరిగాడి మాటలు ఒక్కసారి పైకి చదివి చూడాలి. నెల్లూరులో ఆ వేషాలు కట్టిన వాళ్ల పేర్లు కూడా పాత పత్రికల్లో, ఇళ్ల పెట్టెల్లో మిగిలి ఉంటే వెతికి బయటికి తేవాలి. తెలుగు నాటక చరిత్రలో వాళ్లకు రావలసిన పేజీ ఉంది.