మారని ఫైల్ మళ్ళీ ఎందుకు దిగుతోంది? మిర్రర్ల ముప్పై ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్‌లో సగం చరిత్ర, సగం రిపేరు పని. ప్రశ్న చిన్నదే. లైనక్స్ ప్యాకేజీల రిపాజిటరీకి మన సర్వర్‌లో ఒక మిర్రర్ పెట్టుకున్నాం. నిన్న రాత్రి అంతా దిగింది. పైన ఏమీ మారలేదు. అయినా ఈ రాత్రి మళ్ళీ అవే ఫైళ్ళు దిగుతున్నాయి. ఎందుకు?

ముందు మిర్రర్ అంటే ఏంటో చూద్దాం. మా పెద్దేముల్‌లో కిరాణా కొట్టు నడిపేవాళ్ళు సరుకు కోసం తాండూరు పోతారు. పోయేముందు కొట్టులో ఏం అయిపోయిందో చూసుకుని చీటీ రాసుకుంటారు. బియ్యం బస్తా ఉండగానే ఇంకో బస్తా తెస్తే ఆటో కిరాయి దండగ. మిర్రర్ పని కూడా ఇదే. అసలు సర్వర్‌లో ఉన్నదాన్ని, మన దగ్గర ఉన్నదాన్ని పోల్చి, లేనిది మాత్రమే తెచ్చుకోవాలి. కష్టమంతా ఆ పోల్చడంలోనే ఉంది.

ఇప్పుడు 1990లకి వెళ్దాం. మన దేశంలో వీఎస్ఎన్ఎల్ సామాన్య జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న. డయలప్ లైన్. 28.8 కేబీపీఎస్ మోడెమ్ పూర్తి స్పీడ్‌తో నడిచినా ఒక ఎంబీ దిగడానికి నాలుగున్నర నిమిషాల పైనే. వంద ఎంబీకి ఏడున్నర గంటలు దాటుతుంది, అది కూడా లైన్ ఒక్కసారీ తెగకపోతేనే. అందుకే అప్పట్లో మనోళ్ళలో చాలామందికి లైనక్స్ వచ్చింది నెట్‌లో కాదు, పీసీక్వెస్ట్ లాంటి పత్రికలతో ఇచ్చిన సీడీల్లో.

బయట దేశాల యూనివర్సిటీల్లో అప్పటికే మిర్రర్లు నడుస్తున్నాయి. లండన్ ఇంపీరియల్ కాలేజీలో లీ మెక్‌లాఫ్లిన్ పెర్ల్‌లో రాసిన ప్రోగ్రామ్ ఒకటి బాగా వాడేవాళ్ళు, దాని పేరే మిర్రర్. ఇలాంటివి ఎఫ్‌టీపీ సర్వర్ ఇచ్చే లిస్టు చదివి సైజు, తేదీ పోల్చేవి. ఇక్కడే మొదటి చిక్కు. యూనిక్స్ లిస్టులో ఆరు నెలలు దాటిన ఫైల్‌కి గంట, నిమిషం కనపడవు, సంవత్సరం మాత్రమే కనపడుతుంది. పైగా రెండు దేశాల టైమ్ జోన్లు వేరు. మారని ఫైల్ కూడా మారినట్టు కనపడటానికి ఇంతకంటే ఏం కావాలి?

1996 జూన్‌లో ఒకే వారంలో రెండు విషయాలు జరిగాయి. 17వ తేదీన డెబియన్ 1.1 విడుదలైంది, దాని ముద్దుపేరు బజ్. 19న ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీకి చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ ఆర్‌సింక్ ప్రకటించాడు. పాల్ మెకెరాస్‌తో కలిసి చేసిన పని అది. అందులో ఉపాయం ఏంటంటే, మన దగ్గరున్న పాత ఫైల్‌ని ముక్కలు చేసి ఒక్కో ముక్కకి చెక్‌సమ్ పంపిస్తాం. అవతలి సర్వర్ తన కొత్త ఫైల్‌లో ఆ ముక్కలు ఎక్కడున్నా వెతికి పట్టుకుని, మన దగ్గర లేని భాగాన్నే పంపుతుంది.

అయితే ఇంత తెలివైన ప్రోగ్రామ్ కూడా ప్రతి ఫైల్‌నీ విప్పి చూడదు. చూస్తే డిస్కులు అరిగిపోతాయి. ముందు సైజు ఒకటేనా, మార్పు జరిగిన టైమ్ ఒకటేనా అని చూస్తుంది. రెండూ కలిస్తే వదిలేస్తుంది. అంటే దాని దృష్టిలో ఒక ఫైల్‌కి గుర్తింపు మూడు విషయాలే: ఉన్న చోటు, సైజు, టైమ్. అనవసరంగా ఫైళ్ళు దిగుతున్నాయంటే చాలాసార్లు వీటిలో ఏదో ఒకటి చెడిందని అర్థం.

మొదటిది టైమ్. కమాండ్‌లో మైనస్ టీ పెట్టకపోతే దిగిన ఫైల్‌కి ఈరోజు టైమ్ పడుతుంది. రేపు పోల్చినప్పుడు ఏదీ కలవదు. ముక్కల ఉపాయం వల్ల డేటా మొత్తం రాకపోవచ్చు గానీ, రెండు వైపులా ప్రతి ఫైల్ మళ్ళీ చదవాల్సిందే. ఎక్స్‌టర్నల్ డిస్కు ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంటే ఇంకో తిప్పలు. అది టైమ్‌ని రెండేసి సెకన్ల లెక్కన రాసుకుంటుంది. దానికి మాడిఫై విండో ఒకటి అని పెట్టాలి.

రెండోది ఉన్న చోటు. ఆర్‌సింక్‌కి పేరు మారడం తెలీదు. ఫైల్‌ని ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కి జరిపితే, పాతది పోయింది, కొత్తది వచ్చింది అనుకుంటుంది. ఈ దెబ్బ డెబియన్ గట్టిగానే తిన్నది. కొన్ని రకాల ప్రాసెసర్లకి సంబంధించిన ప్యాకేజీలు విడుదల టైమ్‌కి సిద్ధం కాకపోతే, వాటి ఫోల్డర్లని పక్కకి జరపాల్సి వచ్చేది. జరిపిన ప్రతిసారీ ప్రపంచంలోని మిర్రర్లన్నిటికీ బ్యాండ్‌విడ్త్ ఖర్చు. అందుకే ఎప్పటికీ విడుదల కాని సిడ్ అనే శాశ్వత చోటు పెట్టారు. టాయ్ స్టోరీ సినిమాలో బొమ్మలు విరగ్గొట్టే పిల్లాడి పేరది. 2000 చివర్లో పూల్ పద్ధతి వచ్చింది. ప్యాకేజీ ఒకే చోట ఉంటుంది, ఏ విడుదలలో ఏది ఉందో చెప్పే ఇండెక్స్ మాత్రం మారుతుంది. అంటే ఈ సమస్యని మిర్రర్ నడిపేవాళ్ళ నెత్తిన వదిలేయకుండా, రిపాజిటరీ కట్టేవాళ్ళే తీర్చారు. ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

మూడోది హార్డ్ లింకులు. ఫెడోరా లాంటి చోట్ల ఒకే ఫైల్ రెండు ఫోల్డర్లలో కనపడుతుంది, డిస్కులో ఒకటే ఉంటుంది. మైనస్ క్యాపిటల్ హెచ్ పెట్టకపోతే అది రెండుసార్లు దిగి, రెండింతల చోటు తింటుంది. మైనస్ ఏ పెడితే అన్నీ వచ్చేస్తాయని చాలామంది అనుకుంటారు. అందులో హార్డ్ లింకు లేదు ఫ్రెండ్స్.

ఇక రిపేరు. ఊహించకండి, దాన్నే అడగండి. డ్రై రన్, ఐటమైజ్ చేంజెస్ రెండూ పెట్టి నడపండి. ఏదీ దిగదు, కానీ ప్రతి ఫైల్ ఎందుకు దిగాలో పక్కన అక్షరాల్లో చెప్తుంది. చిన్న టీ ఉంటే టైమ్ తేడా. పెద్ద టీ ఉంటే మీ కమాండ్ టైమ్‌ని కాపాడట్లేదు. ఎస్ ఉంటే సైజు తేడా. వరసగా ప్లస్‌లు ఉంటే ఆ చోట ఆ ఫైలే లేదు. జబ్బు టైమ్‌దే అయితే, పూల్ ఫోల్డర్ వరకు మైనస్ టీకి సైజ్ ఓన్లీ కలిపి ఒక్కసారి నడపండి. ఏమీ దిగకుండానే టైమ్‌లు సరిపోతాయి. పూల్‌లో ఫైల్ పేరులోనే వెర్షన్ ఉంటుంది కాబట్టి అక్కడ ఇది నడుస్తుంది. ఇండెక్స్ ఫైళ్ళకి మాత్రం ఇది వద్దు, సైజు అదే ఉండి లోపల మారొచ్చు. చెక్‌సమ్ ఆప్షన్ రోజూ వాడకండి, చాలా పబ్లిక్ సర్వర్లు దాన్ని ఒప్పుకోవు కూడా.

ఇంకో మాట. ఒకే పేరు వెనక నాలుగైదు సర్వర్లు ఉంటే, వాటిలో ఒకటి వెనకబడి ఉండొచ్చు. మీ దగ్గర డిలీట్ ఆన్‌లో ఉంటే ఈరోజు కొత్త ఫైళ్ళు చెరిపేసి, రేపు ఇంకో సర్వర్ నుంచి అవే తెస్తారు. ఒక్క సర్వర్‌నే నమ్ముకోండి.

ఇదంతా బ్యాండ్‌విడ్త్ బిల్లు గొడవేనా? కాదు. అనవసరమైనవి దిగుతూ ఉంటే రాత్రి టైమ్ సరిపోదు. ఇండెక్స్ కొత్తది, ప్యాకేజీ పాతది అయిపోతుంది. మీ మిర్రర్ మీద ఆధారపడ్డ ల్యాబ్‌లో ఇన్‌స్టాల్ ఆగిపోతుంది, సెక్యూరిటీ అప్‌డేట్ ఆలస్యమవుతుంది. అందుకే డెబియన్ ముందు ప్యాకేజీలు, తర్వాత ఇండెక్స్, చివర్లో చెరిపేయడం అనే వరస పాటించమంటుంది. 2005లో హైదరాబాద్ నుంచి స్వేచ్ఛ వాళ్ళు డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చారు. మన భాషలో సాఫ్ట్‌వేర్ తయారవడం ఒక మెట్టు. అది మండల కేంద్రంలోని ల్యాబ్ దాకా చెడకుండా, ఆలస్యం లేకుండా చేరడం రెండో మెట్టు. ఆ రెండో మెట్టు దగ్గర నిలబడి ఉండేది మిర్రర్ నడిపే మనిషే.

మీ దగ్గర మిర్రర్ ఉంటే ఈ రాత్రే ఒక డ్రై రన్ కొట్టి చూడండి. లిస్టు పొడుగ్గా వస్తే భయపడకండి, మొదటి లైన్ అక్షరాలు చదవండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.