వందకు 70 పైసలు: ఈ లెక్క ఎక్కడిది?

సంపన్న దేశాలు తమ జాతీయాదాయంలో వంద రూపాయలకు 70 పైసల చొప్పున పేద దేశాలకు సాయం చేయాలి. అంటే 0.7 శాతం. యాభై ఏళ్లు దాటినా కొలబద్ద ఇదే. అర శాతమూ కాదు, ముప్పావు శాతమూ కాదు. మరి ఈ 0.7 ఎవరు తేల్చారు?

మొదటి ఆనవాలు ఆర్థికవేత్తల దగ్గర కాదు, చర్చిల దగ్గర దొరుకుతుంది. సంపన్న దేశాల ఆదాయంలో 1 శాతం పేద దేశాలకు వెళ్లాలని 1958లో ప్రపంచ చర్చిల మండలి కోరింది. 1960లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆ అంకెనే అందిపుచ్చుకుంది. 1968లో ఢిల్లీలో జరిగిన అంక్టాడ్ (ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సదస్సు) రెండో సమావేశమూ దానికే కట్టుబడింది. కానీ అందులో ఒక లొసుగుంది. సర్కారు ఇచ్చే సాయమూ, కంపెనీలు లాభం కోసం పెట్టే పెట్టుబడీ ఒకే పద్దులో పడ్డాయి. కంపెనీ డబ్బు ఎటు పోతుందో సర్కారు చేతిలో ఉండదు. చేతిలో లేనిదానికి మాటెలా ఇస్తారు?

రెండో ఆనవాలు డచ్ ఆర్థికవేత్త యాన్ టిన్‌బెర్గెన్. పేద దేశాలు కోరుకున్న వేగంతో ఎదగాలంటే బయటి నుంచి ఎంత పెట్టుబడి రావాలో ఆయన లెక్కగట్టారు. అందులో సర్కార్ల వాటా 0.75 శాతం, గడువు 1972 అన్నారు. అవసరం నుంచి మొదలైన లెక్క ఇది. నాకు నచ్చింది అదే.

మరి ఆ 0.75 కాస్తా 0.7 ఎలా అయింది? కెనడా మాజీ ప్రధాని లెస్టర్ పియర్సన్ కమిషన్ 1969 నివేదికలో సమాధానం ఉంది. మొత్తం 1 శాతాన్ని అలాగే ఉంచి, అందులో సర్కారు సాయం 0.7 ఉండాలంది. 1975 నాటికి, ఎంత ఆలస్యమైనా 1980 దాటకుండా చేరాలంది. అవసరాన్ని కొలిచిన అంకె కన్నా, ప్రభుత్వాలను ఒప్పించగల అంకెగానే ఇది నాకు కనిపిస్తుంది. 1970 అక్టోబర్ 24న సర్వసభ్య సభ దీన్ని తీర్మానంలో చేర్చింది. అమెరికా మాత్రం ఏనాడూ ఒప్పుకోలేదు.

2005లో పరిశోధకులు మైకేల్ క్లెమెన్స్, టాడ్ మాస్, పెట్టుబడి అవసరాన్ని కొలిచే ఆ పాత పద్ధతిలోనే కొత్త వివరాలతో మళ్లీ లెక్క వేశారు. అత్యంత పేద దేశాలకు 0.01 శాతం చాలని వచ్చింది! అలాగని సాయానికి కోత పెట్టమని దీని అర్థం కాదు. బడికీ, టీకాకూ, తాగునీటికీ ఎంత కావాలో ఆ పాత సూత్రం అడగనే లేదు. లక్ష్యం అక్కడి నుంచే మొదలవ్వాలి.

ఖర్చయిన సొమ్మునే కొలిస్తే ఏమవుతుందో బ్రిటన్‌లో చూడండి. 2013లో 0.7 అందుకుంది, 2015లో చట్టం చేసింది, 2021లో 0.5కి దిగింది. పైగా 2022లో ఆ సాయంలో పావు వంతుకు మించి సొంత గడ్డ మీదే, శరణార్థుల వసతికీ పోషణకూ ఖర్చయింది. శరణార్థులను ఆదుకోవాల్సిందే, కానీ ఆ ఖర్చు పేద దేశపు ఊరికి చేరిన సాయం ఎలా అవుతుంది? ఆ లెక్కను విడిగా చూపాలి.

పియర్సన్ పెట్టిన చివరి గడువు 1980. 2024లో సంపన్న దాతల సాయం వందకు 33 పైసలు. 70 పైసలు దాటినవి నార్వే, లక్సెంబర్గ్, స్వీడన్, డెన్మార్క్ మాత్రమే.