రంగస్థల యంత్రములు - నిలుపుటలోని నేర్పు

నాటకమున రాజసభ తొలగి అరణ్యము ప్రత్యక్షమైనప్పుడు ప్రేక్షకులు కరతాళధ్వనులు చేయుదురు. తెరవెనుక శ్రమించువారికి మాత్రము రెండు చింతలు కలవు. దృశ్యమును కదల్చుట యెట్లు? కదలినదానిని నిలుపుట యెట్లు? నటుల క్షేమము ఈ రెండవదానిపై ఆధారపడి యున్నది.

కడప జిల్లా సురభి గ్రామమున 1885లో కీచకవధ ప్రదర్శనముతో ఆరంభమైన సురభి నాటక సంప్రదాయమును ఎరుగని తెలుగువారు అరుదు. అందు చిత్రించిన తెరలను మనుష్యులు త్రాళ్లతో నడుపుదురు. లాగిన చేయియే త్రాటిని పట్టి నిలుపును.

ఐరోపాలో వెనిస్ నగరమున 1641లో తెరువబడిన నొవిస్సిమో నాటకశాలయందు జాకొమో టొరెల్లి మరియొక మార్గమును చూపెను. చిత్రఫలకములను మోయు స్తంభములు నేలలోని చీలికల గుండా దిగి, వేదిక క్రింది బండ్లపై నిలిచెడివి. ఆ బండ్ల త్రాళ్లన్నియు ఒకే ఇరుసునకు చుట్టబడి యుండుటచే దృశ్యమంతయు ఒక్కసారిగా మారెడిది. స్వీడన్‌లో 1766 నాటి డ్రాట్నింగ్‌హామ్ నాటకశాలలో ఇట్టి చేతియంత్రములు నేటికిని పనిచేయుచున్నవి. జపానులో 1758లో నమికి షోజో, మ్యూనిక్‌లో 1896లో లౌటెన్‌ష్లేగర్ తిరుగు వేదికలను నెలకొల్పిరి. వీనియందు చీలికయో ఇరుసో కదలికకు హద్దు గీసినది.

చక్రముల బండిపై ఇంటినంతటిని నిర్మించి వేదికపైకి త్రోయు పద్ధతి వచ్చిన పిమ్మట ఆ హద్దు తొలగినది. నటుడు మెట్లెక్కినను బండి జరుగవచ్చును. చీకటిలో చక్రము క్రింద చీల పెట్టుట ఒకరు మరచినచో ప్రమాదము తప్పదు.

దీనికి సంపీడిత వాయువు ఉపాయమైనది. కంప్రెసరు నుండి గొట్టము ద్వారా వచ్చిన గాలి సిలిండరులోని పిస్టనును త్రోయును. చదరపు సెంటీమీటరునకు 6 కిలోల పీడనముగల గాలి, 10 సెంటీమీటర్ల వ్యాసముగల పిస్టనుపై సుమారు 470 కిలోల బలమును చూపును. నాలుగు మూలల నాలుగు సిలిండరులున్నచో మొత్తము దాదాపు 1,880 కిలోలు.

ఈ బలమును రెండు విధముల వాడవచ్చును. మొదటి విధమున గాలి రబ్బరు పాదములను నేలకు అదిమి బండిని ఆపును. ఇందు గొట్టము తెగినచో పట్టు పోవును. రెండవ విధమున బండి తన బరువుతో నేలపై కూర్చుండి యుండును. గాలి చక్రములను క్రిందికి త్రోసినప్పుడే అది పైకి లేచి కదలును. గాలి పోయినచో తిరిగి కూర్చుండును.

రైళ్లయందును ఇట్లే జరిగినది. జార్జి వెస్టింగ్‌హౌస్ 1869 నాటి వాయుబ్రేకులో గొట్టము తెగినచో బ్రేకు పనిచేయకుండెడిది. 1872లో ఆయన రూపొందించిన స్వయంచాలక బ్రేకులో గాలి తగ్గినచో బ్రేకులు వానంతట అవియే పడును.

మన గ్రామములలో చక్రముల వేదికలను నిర్మించు నాటకసమాజములకు యంత్రములు లేకపోవచ్చును. అయినను చీలలు వేయువాని పేరు ముందే నిర్ణయించి, అతడు చేయి ఎత్తి చూపువరకు నటుని బండిపై అడుగిడనీయకుండుట అందరికిని సాధ్యమే.