పటాలమునుండి ఠాణాకు: ఉదయగిరి సీమ చరిత్ర చెప్పు మాట

నెల్లూరు సీమకు పడమటి కొసను, వెలిగొండల నీడలో, ఉదయగిరి ప్రాంతమున్నది. అందు వరికుంటపాడు ఒక యూరు. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినప్పటినుండి అది మండలకేంద్రము. పేరులో వరియు కలదు, కుంటయు కలదు. కాని ఆ సీమ పైరు చాలవరకు వానను నమ్ముకొనిన మెట్టపైరే. చెరువు నిండిన యేడు ఇంట గింజ, నిండని యేడు పొరుగూరి కూలి. ఇట్టి నేలలో నెలజీతపు కొలువునకు ఎంత విలువ యుండునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇట్టి యూళ్లనుండి సైన్యములో చేరిన పడుచువాడు కొన్ని యేండ్లకు ఇల్లు చేరును. ఒంటిలో సత్తువ తగ్గలేదు. తెల్లవారకముందే లేచుట, చెప్పిన పని చెప్పిన వేళకు చేయుట అలవడినవి. పేరు ఇంకను రిజర్వు జాబితాలో ఉన్నను ఉండవచ్చును. అప్పుడు పెద్దలు, చుట్టములు చెప్పు మాట ఒక్కటే: "పోలీసులో చేరరాదటరా నాయనా?" ఈ ప్రశ్న చిన్నదిగ తోచును. తుపాకి పట్టిన చేతికి లాఠీ బరువా యని అనుకొందుము. కాని సిపాయియు పోలీసును ఒక్కటేనా, వేరు వేరా యనుట ఈ దేశమున నూటయేబది యేండ్లకు పైగా నలిగిన సమస్య. ఆ చరిత్ర తెలిసికొనిన గాని పై ప్రశ్నకు తగిన జవాబు దొరకదని మా తలంపు.

పూర్వకాలమున ఈ రెండు వృత్తులకు నడుమ గోడ లేదు. ఉదయగిరి దుర్గము 3,079 అడుగుల యెత్తున నిలిచిన కోట. శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడి సాగించి 1514లో దానిని గజపతులనుండి గైకొనెను. అట్టి కోటల చుట్టు బ్రదికిన బంటు యుద్ధము వచ్చినపుడు సైనికుడు, రానపుడు కావలివాడు. పాళెగాండ్ర కాలమున ఈ యేర్పాటు మరింత బలపడినది. దారులకు, సంతలకు, పొలములకు కావలి కాచుట పాళెగాని హక్కు. అందులకు ఊళ్లనుండి కావలిరుసుము రాబట్టుకొనెడివాడు. దొంగతనము జరిగినచో దొంగనైన పట్టి యీయవలెను, లేదా పోయిన సొత్తు వెలనైన ఇచ్చుకొనవలెను. ఇది ధర్మము. అనుభవమున మాత్రము కావలివాడే దొంగతో పొత్తు కలిసిన సందర్భములు పెక్కు. దత్తమండలములలో కట్టుబడి బంట్రోతులు చిన్న యీనాము భూములను అనుభవించుచు ఇట్టి సేవయే చేసిరి. బల్లెము ఒకటే, అది శత్రువుపైకి ఎత్తినదో, పొరుగువానిపైకి ఎత్తినదో అడుగువారు లేరు.

1801లో కర్ణాటక నవాబు రాజ్యము కుంపిణీ వశమైనది. నెల్లూరును దానితోపాటే చేతులు మారినది. మరుసటి యేడు వెంకటగిరి, కాళహస్తి మొదలగు పడమటి పాళెములకు శాశ్వత సన్నదులు ఇచ్చిరి. బంట్లను పోషించి యుద్ధమునకు వచ్చు పూర్వపు బాధ్యత రొక్కపు పేష్కషుగా మారినది. కావలిహక్కును సర్కారు తనదిగా చేసికొనెను. వేలకొలది బంట్లకు పని పోయినది. ఉదయగిరి జాగీరు మరి కొంతకాలము నిలిచెను గాని, 1839లో కర్నూలు నవాబుతో కలిసి కుట్ర పన్నెనను ఆరోపణపై ఆ జాగీరుదారు పదవిని పోగొట్టుకొనెను. అంతటితో ఈ సీమలో సొంత సేనలు గల దొరల కాలము ముగిసినది.

బంటు పోయెను, కావలి యెవరు కాయవలెను? కుంపిణీవారు మొదట 1802లో దారోగాలను నియమించి చూచిరి. అది పొసగలేదు. 1816 నాటి నిబంధనలచే పోలీసు అధికారము గ్రామమున మునసబు తలారులకును, తాలూకాలో తహసీలుదారునకును, జిల్లాలో కలెక్టరునకును వచ్చినది. శిస్తు వసూలు చేయువాడే నేరస్థుని పట్టువాడు. ఒకే బంట్రోతు ఉదయము బకాయి రాబట్టును, సాయంకాలము దొంగచే నేరము ఒప్పించును. రెండు పనులకును అతడెరిగిన సాధన మొక్కటే, దెబ్బ. ఈ ఘోరములపై విచారణకు 1854లో చెన్నపట్టణమున ఒక సంఘము నేర్పరచిరి. ఇలియట్, స్టోక్సు, నార్టను అను మువ్వురు అందు సభ్యులు. శిస్తు వసూలులోను నేరపరిశోధనలోను చిత్రహింస వాడుకలో ఉన్నదని 1855లో వారు నివేదించిరి. ఆ నివేదిక లండనులోని పార్లమెంటువరకు పోయినది.

దాని ఫలితముగ పుట్టినది 1859 నాటి 24వ చట్టము. విలియం రాబిన్సన్ అను సివిలు ఉద్యోగి మద్రాసు రాజధానికి మొదటి పోలీసు అధిపతి యయ్యెను. పోలీసును రెవెన్యూనుండి విడదీసి, జిల్లాకొక సూపరింటెండెంటును, అతనిక్రింద ఇన్‌స్పెక్టర్లను, కానిస్టేబుళ్లను నిలిపిరి. వారికి దుస్తులు, కవాతు, జీతము ఏర్పడినవి. ఈ చట్టమే కాలక్రమమున పేరు మార్చుకొని ఆంధ్రప్రాంత జిల్లా పోలీసు చట్టముగ స్వతంత్ర భారతమునకును సంక్రమించినది. అప్పుడే పుట్టినది మన ప్రశ్న: ఈ కొత్త పోలీసు సైనికుడా, పౌరుడా? ఐర్లండులోని సాయుధ పోలీసును, సింధులో నేపియర్ నెలకొల్పిన దళమును పాలకులు ఆదర్శముగ చూచిరి. ఆ రెండును పటాలపు పోలికలే. కాని దెబ్బలు తిన్న రైతుకు కావలసినది పటాలము కాదు, ఫిర్యాదు వినువాడు. ఈ రెండు కోరికల నడుమ ఈ శాఖ నేటికిని ఊగుచునే యున్నది.

ఇక పటాలపు కథ కొంత చెప్పవలెను. ఉత్తరహిందూస్థానమున చిరకాలము సిపాయికి "తిలంగా" యని పేరుండెను. క్లైవు వెంట బంగాళమునకు పోయిన దక్షిణాది సిపాయిలనుండి అది ప్రచారమైనది. తెలుగువాని పేరే సైనికునకు మారుపేరైనదన్నమాట. అట్టి తెలుగు సిపాయికి పందొమ్మిదవ శతాబ్ది ద్వితీయార్ధము గడ్డుకాలము. 1857 పిమ్మట మద్రాసు పటాలములు కొన్ని రద్దయినవి. 1882లో మరి కొన్ని పోయినవి. యుద్ధజాతులు, యుద్ధజాతులు కానివారు అను సిద్ధాంతము ప్రబలి, సైన్యపు చేర్పు పంజాబువైపు, నేపాళమువైపు మరలినది. నాలుగు తరములు కొలువు చేసిన కుటుంబములకు తలుపు మూసికొనినట్లయినది.

ఆ దినములలోనే రిజర్వు పద్ధతి వచ్చెను. 1886లో భారత సైన్యమునకు రిజర్వు నేర్పరచిరి. 1888లో దానికి చట్టము చేసిరి. కొన్ని యేండ్లు పటాలమున పనిచేసినవాడు ఇంటికి పోవును, చిన్న భత్యము పుచ్చుకొనును, నియతకాలమున శిక్షణకు పోవును, యుద్ధము వచ్చినచో పిలుపునకు బద్ధుడై యుండును. సర్కారునకు ఇది చవుక బేరము. సిపాయికి మాత్రము సగము కొలువు, సగము ఖాళీ. ఆ భత్యముతో ఇల్లు గడవదు. రెండవ కొలువు వెదకికొనక తప్పదు. కవాతు తెలిసినవానికి ఎదురుగ కనబడు తలుపు పోలీసుదే.

ఆ తలుపు వెనుక ఏమున్నదో 1902-03లో ఆండ్రూ ఫ్రేజరు అధ్యక్షుడుగ విచారించిన పోలీసు సంఘము వెల్లడించినది. పోలీసులో శిక్షణ చాలదనియు, లంచమును పీడనమును గలవనియు ప్రజలు నమ్ముచున్నారని ఆ సంఘము దాచక వ్రాసెను. కానిస్టేబులునకు నెలకు 8 రూపాయలకు తక్కువ కాని జీత మీయవలెనని సూచించెను. ఆకలిగొన్న చేతికి అధికార మిచ్చినచో ఏమగునో ఆ యంకె చెప్పకయే చెప్పుచున్నది. నేరపరిశోధన సబ్‌ఇన్‌స్పెక్టరు స్థాయివాడే చేయవలెననియు, ప్రతి జిల్లా కేంద్రమున సాయుధదళ మొకటి సిద్ధముగ నుండవలెననియు కూడ ఆ సంఘము చెప్పెను. ఈ రెండవ సూచన మన విషయమునకు ముఖ్యము. ఠాణాలో ఫిర్యాదు వినువాడు ఒకడు. జిల్లా కేంద్రమున తుపాకితో పిలుపునకు వేచియుండువాడు మరియొకడు. ఆ రెండవ దళమునకును మన వాడుకలో పేరు రిజర్వే. సైన్యపు రిజర్వువాడు ఇంట వేచియుండును. పోలీసు రిజర్వువాడు లైనులో వేచియుండును. పేరు ఒకటైనను వేచియున్నది వేరు వేరు పనులకు.

నెల్లూరు జిల్లాయందే ఈ భేదమునకొక కఠినమైన ఉదాహరణము కలదు. 1911 నాటి నేరజాతుల చట్టము మద్రాసు రాజధానికి వర్తించిన పిదప, కావలిలో ఎరుకలవారికొక నివాసశిబిరము వెలసెను. అమెరికను బాప్టిస్టు మిషనరీలు దానిని నడిపిరి. పుట్టుకచేతనే నేరస్థుడని ముద్రపడిన మనిషి వేళకు హాజరు పలుకవలెను, అనుమతి లేక ఊరు దాటరాదు. ఆ చట్టము క్రింద పేర్లు నమోదు చేయించుట, హాజరు చూచుట పోలీసు పనియైనది. ఆ పని చేసిన కానిస్టేబులు క్రూరుడు కానక్కరలేదు. ఆజ్ఞ పాలించెను, అంతే. మద్రాసు ప్రభుత్వము 1947లో ఆ చట్టమును రద్దుచేసెను. 1952లో దేశమంతట అది పోయినది. చట్టము పోయినను అనుమానము ఎన్ని తరములు నిలుచునో ఆ కుటుంబముల వారికి తెలియును. ఆజ్ఞ పాలించుట సైనికునకు పూర్తి గుణము. పోలీసునకు అది సగము గుణమే యని దీనివలన మనము గ్రహింపవలెను.

తక్కిన సగము చట్టమునందున్నది. చిత్రహింసల నివేదిక వచ్చిన ఆరేండ్లకు, 1861 నాటి నేరవిచారణ స్మృతిలో ఒక నియమము చేరెను: పోలీసు ఎదుట చేసిన ఒప్పుకోలు నేరమునకు రుజువుగ చెల్లదు. అది 1872 సాక్ష్యచట్టమున 25వ సెక్షనైనది. 2024 జూలై 1 నుండి అమలైన కొత్త సాక్ష్యచట్టమున 23వ సెక్షనుగ నిలిచినది. దెబ్బతో మాట రాబట్టినను ప్రయోజనము లేదని దాని భావము. సైనికుని యెదుట శత్రువున్నాడు. అతనిని ఓడించినచో పని ముగిసినది. పోలీసు యెదుట నున్నవాడు శత్రువు కాడు, నేరస్థుడని కూడ ఇంకను తేలలేదు. అరెస్టు చేయునపుడు అవసరమునకు మించిన నిర్బంధము కూడదు. చేసిన పనికెల్ల రేపు న్యాయస్థానమున సంజాయిషీ చెప్పవలెను. ఇది తుపాకికంటె బరువైన ఆయుధము.

ప్రపంచయుద్ధములు మూసిన తలుపును మరల తెరచినవి. రెండవ యుద్ధమున మద్రాసు రెజిమెంటు విస్తరించెను. దక్షిణాది యువకులు పెద్దసంఖ్యలో చేరిరి. యుద్ధము ముగియుచుండగ వారి గతి యేమను చింత పుట్టి, 1945 జూలైలో పునరావాస ఉద్యోగ శాఖను నెలకొల్పిరి. నేడు ప్రతి నిరుద్యోగికిని తెలిసిన ఉద్యోగకల్పన కార్యాలయములు మొదట ఇంటికి వచ్చిన సిపాయిలకొరకే పుట్టినవి. 1948లో గాని అందరికిని తెరువబడలేదు. ఆ 1948లోనే ప్రాదేశిక సైన్య చట్టము వచ్చెను. 1949 అక్టోబరు 9న గవర్నరు జనరలు రాజగోపాలాచారిగారు ఆ సైన్యమును ప్రారంభించిరి. సొంత వృత్తి విడువక దేశరక్షణకు సిద్ధముగ నుండు పౌరుల సేన యది. సేవకు పోయి వచ్చినవానిని యజమాని తిరిగి పనిలో చేర్చుకొనవలెనను నియమము కూడ ఆ చట్టమునందు కలదు. స్థిరసైన్యమున కొంతకాలము 7 యేండ్లు పటాలము, 8 యేండ్లు రిజర్వు అను లెక్క నడచి, 1965 తరువాత పటాలపు కాలము పెరుగుచు వచ్చినది. 2022లో అగ్నిపథము వచ్చి లెక్కను మరల మార్చెను: 4 యేండ్ల సేవ, అటుపై నాలుగింట ఒకవంతు మించకుండ మాత్రమే సైన్యమున స్థిరపడుట. తక్కినవారికి కేంద్ర సాయుధ పోలీసు బలములలో 10 శాతము స్థానములు ప్రత్యేకింతుమని ప్రభుత్వము ప్రకటించినది. పందొమ్మిదవ శతాబ్ది ప్రశ్న ఇట్లు మరల మన గుమ్మములోనికి వచ్చి నిలిచినది.

కావున వరికుంటపాటి పడుచువానికి మేము చెప్పదగినది ఇది. మాజీ సైనికులకు వయసు సడలింపు ఉన్నది. దాని వివరములను నోటిఫికేషనులో చూచుకొనవలెను, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమున అడుగవలెను. పటాలమున హవల్దారైనను ఇచ్చట కానిస్టేబులుగనే మొదలుపెట్టవలసి యుండును. తనకంటె చిన్నవాడైన సబ్‌ఇన్‌స్పెక్టరునకు నమస్కారము చేయవలసి యుండును. దానికి మనసు ఒప్పవలెను. కవాతు, ఆయుధము, కాపలా ప్రియమైనవానికి సాయుధ రిజర్వు తగును. అచ్చట పటాలపు చదువు వృథా కాదు. ఠాణా పని కోరువాడు మాత్రము కొంత మరచి కొంత నేర్వవలెను. కేకవేయుట మరచి వినుట నేర్వవలెను. ఆజ్ఞకై చూచుట తగ్గించి చట్టమువైపు చూచుట నేర్వవలెను. తన కులమువాడు, తన చుట్టము, తన యూరి పెద్ద నిందితుడై నిలిచినపుడు చేయి వణకకుండవలెను; ఏ దిక్కులేని కూలి ఫిర్యాదుతో వచ్చినపుడు కుర్చీ చూపవలెను.

పాళెగాని కావలివానికి ఊరు రుసుము కట్టినది, భయపడినది. తహసీలుదారు బంట్రోతుకు ఊరు శిస్తు కట్టినది, దెబ్బలు తిన్నది. రాత్రి హాజరు తీసినవానిని చూచి ఊరు తలవంచినది. ఇన్ని తరముల భయము మీదుగ నేటి కానిస్టేబులు ఆ వీధిలో నడువవలెను. అతడు మాజీ సైనికుడైనచో జనము కొంత గౌరవముతో చూతురు. అది అతడు సరిహద్దున సంపాదించి తెచ్చిన మూలధనము. దానిని మొదటి యేడే లాఠీతో ఖర్చుచేసికొనునా, ముప్పది యేండ్లు న్యాయముతో పెంచుకొనునా యనునది దరఖాస్తుకు ముందే తేల్చుకొనవలసిన మాట.