కత్తి పిడి చెప్పే చరిత్ర

కత్తిని చూసినవారు పదునునే మెచ్చుకుంటారు. పిడి సంగతి ఎవరికీ పట్టదు. కాని ఆ ఇంటివారి స్తోమత, ఆ ఊరి చెట్టూ చేమా, ఆ కాలపు వర్తకం తెలిసేది పిడిని బట్టే. రిటైరయ్యాక శంషాబాద్ దగ్గర స్థిరపడిన నేను పాత పనిముట్ల గురించి తెలుసుకున్న కొన్ని విషయాలను సభ్యుల ముందుంచుతున్నాను.

మన ఉక్కుకు పేరు పాతదే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారయ్యే ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని హెన్రీ వాయిసీ రాశారు. ఆయన మరణానంతరం 1832లో ఆ వ్యాసం అచ్చయింది. ఉక్కు ఇక్కడి నుండి దూరదేశాలకు వెళ్ళేది. ప్రభువుల కత్తి పిడులకు సరుకు దూరం నుండి వచ్చేది. 1951లో ప్రారంభమైన సాలార్‌జంగ్ మ్యూజియంలో జేడ్ రాతి పిడుల బాకులు, నూర్జహాన్‌దని చెప్పే పండ్ల కత్తి నేటికీ చూడవచ్చు. దంతం, కొమ్ము కూడా అలాంటి పిడులకు వాడేవారు.

పల్లెలో లెక్క వేరు. కొడవలికి, గొడ్డలికి తుమ్మ కర్రే ఆధారం. గట్టిగా ఉంటుంది, దెబ్బకు ఓర్చుకుంటుంది, పొలం గట్టునే దొరుకుతుంది. కత్తి తోకను ఎర్రగా కాల్చి కర్రలోకి దించి, పగలకుండా మొదట్లో పొన్ను బిగిస్తారు. ఖరీదైన కత్తులకైతే లక్క కరిగించి పోసేవారు.

గేదె కొమ్ము మొదట్లో బోలు, కొసన గట్టి. అందుకే పిడికి కొసే పనికొస్తుంది. సెగ చూపితే మెత్తబడుతుంది. బద్దల మధ్య బిగించి చల్లారనిస్తే అదే ఆకారంలో నిలుస్తుంది. మన గోటిలోని పదార్థమే అందులోనూ ఉంటుంది. దుప్పి కొమ్ము అలా కాదు, అది ఎముక. ఏటా రాలి మళ్ళీ మొలుస్తుంది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1986లో మన ఏనుగు దంతం వ్యాపారం, 1991లో ఆఫ్రికా దంతం వ్యాపారం కూడా నిషేధించారు. శేషాచలం కొండల ఎర్రచందనం 1995లో అంతర్జాతీయ రక్షణ జాబితాకెక్కింది. ప్రభువుల పిడికి దారులు ఇలా మూసుకుపోయాయి. ఇది మంచికే జరిగింది.

రైతు పిడిని మాత్రం ఏ చట్టమూ ఆపలేదు. దానికి పనే తగ్గింది. సుమారు 5,500 ఎకరాలలో నిర్మించిన విమానాశ్రయం 2008 మార్చి 23న మొదలై, బేగంపేట విమానాలు ఇక్కడికి మారాయి. పొలం పోయినచోట కొడవలి ఎందుకు? కొడవలి లేనిచోట కొలిమి ఎందుకు? ప్లాస్టిక్ పిడి కత్తి బజారులో చవకగా దొరుకుతోంది. ఏ పనికి ఏ కర్ర అనే తెలివి వాడుక తప్పుతోంది.

సభ్యులకు రెండు మనవులు. పిల్లల దగ్గరకు విదేశాలకు వెళ్ళేటప్పుడు తాతగారి కత్తిని జ్ఞాపకంగా పట్టుకెళ్ళకండి. చేతిసంచిలో కత్తిని అనుమతించరు. పిడి దంతమో, దుప్పి కొమ్మో, ఎర్రచందనమో అయితే పెద్ద పెట్టెలో పెట్టినా చిక్కే. ఇంట్లో అలాంటిది ఉంటే అటవీ అధికారులను అడిగి తెలుసుకోండి.

రెండవది, తుమ్మ పిడి కొడవలిని తూకానికి అమ్మేయకండి. అది ఎవరిదో, ఏ కర్రతో ఎవరు చేశారో ఒక చీటీ మీద రాసి దానికి కట్టి, మనవలకు చూపించండి.